ఒకే ఎలుకకు రెండు రకాల మార్కులు

ఫార్మసీ చదివే పిల్లలు ఇప్పటికీ నన్ను ఒక ప్రశ్న అడుగుతుంటారు. "మేడమ్, మీ పీహెచ్‌డీలో ఏ మందు కనిపెట్టారు?" ఏదీ కనిపెట్టలేదని చెబితే వినయం కొద్దీ అంటున్నాననుకుంటారు. వినయమేమీ కాదు. కొన్నేళ్ళు చిట్టెలుకలతో కుస్తీ పట్టి, చివరికి నా మందు పనిచేయదని నేనే రుజువు చేసి పట్టా తెచ్చుకున్నదాన్ని. రిటైరయ్యాక తీరిక దొరికింది కాబట్టి అదెలా జరిగిందో చెబుతాను. మీలో చాలామంది రేపు ఏదో ఒక ప్రాణిని బల్ల మీద పెట్టుకుని మార్కులు వేయాల్సినవాళ్ళే.

తొంభైల చివరి మాట ఇది. విజయవాడ దాటాక బందరు రోడ్డు పక్కన, పొలాల మధ్య కొత్తగా లేచిన ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో నేను లెక్చరర్ని. మా ఇల్లు భవానీపురంలో. రోజూ రెండు బస్సులు మారి వెళ్ళేదాన్ని. కాలేజీ వెనక రేకుల వరండా, దాని చివర రెండు గదులు. అదే మా యానిమల్ హౌస్. పంజరాల్లో పరవడానికి పక్క ఊరి రైస్ మిల్లు నుంచి ఊక వచ్చేది. హైదరాబాదు నుంచి రైల్లో దిగిన తెల్ల చిట్టెలుకలు ఆ ఊకలో తల దూర్చుకుని పడుకునేవి. ఎండాకాలం కరెంటు పోతే వాటికోసం గోనెపట్టాలు తడిపి కిటికీలకు కట్టేవాళ్ళం. మాకు మాత్రం విసనకర్రలే.

ఆ గదులకు పెద్ద ఒక ప్రొఫెసర్ గారు. గవర్నమెంటు మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెప్పి రిటైరైతే మా మేనేజ్‌మెంటు వాళ్ళు బతిమాలి తెచ్చుకున్నారు. పొడుగాటి మనిషి. తెల్ల పొట్టిచేతుల చొక్కా, జేబులో ముక్కుపొడుం డబ్బీ. మాట తక్కువ, మొహమాటం అసలు లేదు. పటంలో గీత వంకరగా ఉంటే లెక్చరర్లనైనా సరే మళ్ళీ గీయమనేవారు. నా పరిశోధనకు గైడు ఆయనే. ఆయన సంతకం లేనిదే నా థీసిస్ గడప దాటదు.

మెదడు దెబ్బల మీద పనిచేయాలన్న ఆలోచన నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా అన్నయ్య వల్ల వచ్చింది. అన్నయ్య ఆటోనగర్లో ఒక షెడ్డులో ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. ఒకరోజు లారీ ఇంజను పైకెత్తుతుంటే గొలుసు జారింది. కొక్కెం ఊగుతూ వచ్చి తలకు తగిలింది. కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉన్నాడు. స్కానింగ్‌లో అంతా మామూలుగానే ఉందన్నారు. కానీ ఇంటికొచ్చిన మనిషి మామూలుగా లేడు. తెలిసిన మాటే నోటికి అందేది కాదు. స్పానరు అనడానికి "అదే, అది, ఇట్టా తిప్పేది" అనేవాడు. కుక్కర్ విజిల్ వేస్తే వదిన మీద కేకలేసేవాడు, తరవాత గోడవైపు తిరిగి కూర్చునేవాడు. ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తే మాత్రం ఒక్క దెబ్బా తప్పేది కాదు.

చెకప్‌కి నేనే తీసుకెళ్ళేదాన్ని. డాక్టరు మంచివాడే, కానీ బయట వందమంది కూర్చుని ఉండేవాళ్ళు. వందలోంచి ఏడు తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమనేవాడు. అన్నయ్యకు చెమటలు పట్టేవి. రెండో అంకె దగ్గరే నోరు కట్టుకుపోయేది. ప్రతిసారీ చీటీ మీద అదే మాట, మిషన్ పనికి ఇంకా పనికిరాడని. చేయి జారితే వేళ్ళు పోతాయి, డాక్టరు ఒప్పుకుంటేనే లేత్ దగ్గరికి రానిస్తానన్నాడు షెడ్డు యజమాని. ఆయన అన్నదీ న్యాయమే. అన్నయ్య పొద్దున్నే షెడ్డుకెళ్ళి, సామాన్లు తుడిచి, తన మిషన్ మీద వేరేవాళ్ళు పనిచేస్తుంటే చూసి వచ్చేవాడు.

స్కానింగ్‌లో కనపడని మార్పును ఎలా కొలుస్తారని ఒకరోజు ప్రొఫెసర్ గారిని అడిగాను. ఆయన చాలాసేపు నా మొహంకేసి చూసి, ఎవరికి తగిలిందమ్మా దెబ్బ అని అడిగారు. అలా మొదలైంది నా పని.

పద్ధతి క్లుప్తంగా చెబుతాను. చిట్టెలుకకు పూర్తిగా మత్తిచ్చి, గొట్టంలోంచి చిన్న బరువు తల మీద పడేలా చేస్తారు. బండి మీంచి పడిన మనిషికి తగిలే దెబ్బలాంటిదే, చిన్న రూపంలో. ఆ పని ప్రొఫెసర్ గారే చేసేవారు. నేను పక్కన నిలబడేదాన్ని. అది ఎప్పటికీ అలవాటు కాలేదు, కాకపోవడమే మంచిదనుకుంటాను. మత్తు దిగాక, ఆ తరవాత కొన్ని రోజులపాటు ఎలుకకు పరీక్షలు పెట్టేవాళ్ళం. గుండ్రంగా గీసిన గీతలోంచి బయటికి నడుస్తుందా, సన్నటి చెక్క పట్టీ మీద పడిపోకుండా దాటుతుందా, చప్పట్లు కొడితే ఉలిక్కిపడుతుందా, కొత్త చోట్లో వదిలితే వాసన చూస్తూ తిరుగుతుందా, ఉన్నచోటే ముడుచుకుంటుందా. చేయలేని ప్రతి పనికీ ఒక మార్కు. అంటే ఇక్కడ మార్కులు ఎక్కువొచ్చినవాడు ఫెయిలైనట్టు. పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడల్లా క్లాసులో నవ్వులే.

ఆ చెక్క పట్టీలు అన్నయ్యే చేశాడు. ఒక్కోటి ఒక్కో వెడల్పులో, ఎక్కడా పేడు లేకుండా నున్నగా గీకి ఇచ్చాడు. చేతికి పని దొరికినందుకు ఆ వారం ఇంట్లో ఎవరి మీదా కేకలెయ్యలేదు.

ఇక మందు. సరస్వతి ఆకు జ్ఞాపకశక్తికి మంచిదని మన వాళ్ళందరికీ తెలుసు. కాలవగట్ల మీద తేమలో ఎక్కడపడితే అక్కడ పాకుతుంది. దాన్ని ఆరబెట్టి రసం తీసి, దెబ్బ తగిలిన ఎలుకల్లో సగానికి రోజూ ఇచ్చేవాళ్ళం. మిగతా సగానికి నీళ్ళు. మా కాలేజీ సెక్రటరీ గారికి ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఆయన ఉత్సాహానికి పట్టపగ్గాల్లేవు. యాక్సిడెంట్లకు మన కాలేజీ మందు అని పేపర్లో రావాలని ఆయన ఆశ. నా ఆశ అంతకంటే పెద్దది. అది నేను ఎవరితోనూ అనలేదు.

మొదటి నెల నేనొక్కదాన్నే మార్కులు వేశాను. మందు తాగిన ఎలుకలు చక్కగా కోలుకుంటున్నాయి. పట్టీ మీద నడుస్తున్నాయి, వాసన చూస్తూ తిరుగుతున్నాయి. నీళ్ళు తాగినవి వెనకబడ్డాయి. నేను నేల మీద నడవలేదంటే నమ్మండి. కానీ ఇలాంటి పనిలో ఇద్దరు విడివిడిగా చూసి మార్కులు వేయాలి. అందుకని రెండో నెల, నేను చూసిన ప్రతి ఎలుకనూ ఆ తరవాత ప్రొఫెసర్ గారూ చూశారు. ఆయన లెక్కలో మందు తాగినవీ తాగనివీ ఒకటే. అన్నిటికీ బోలెడు మార్కులు. నేను రెండు మార్కులు వేసిన ఎలుకకే ఆయన ఆరు వేశారు.

ఆయన మా ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. స్టాఫ్ రూంలో మరో నలుగురు ఉన్నారు. గొంతు పెంచకుండానే అన్నారు.

"నీకు ఆ మందు పనిచేయాలని ఉందమ్మా. అందుకే ఎలుక బాగా నడిచినట్టు కనిపిస్తోంది. ఇలాగైతే నేను సంతకం పెట్టలేను."

నా కాగితాలు తీసుకుని బయటికి వచ్చేశాను. అన్నయ్య సంగతి ఆయనకు తెలుసు కాబట్టే ఆ మాట మరింత లోతుగా దిగింది. ఆ మాటలో నిజం ఉందేమోనన్న భయం కూడా వేసింది. తరవాతి రోజుల్లో బల్ల దగ్గర కూర్చున్నప్పుడల్లా నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. ఒక్కోసారి మార్కు కావాలనే పెంచి వేయాలనిపించేది. అదీ అబద్ధమే కదా అని ఆగిపోయేదాన్ని. ఆయనా నేనూ పని వరకే మాట్లాడుకునేవాళ్ళం.

మధ్యలోకి వచ్చినవాడు మా మాత్రల లెక్చరర్. మాత్రలు ఎలా తయారుచేయాలో చెప్పే సబ్జెక్టు ఆయనది. వన్ టౌన్‌లో వాళ్ళ నాన్నగారికి లుంగీల హోల్‌సేల్ కొట్టు ఉంది. పొద్దున నమాజు చేసుకుని, కొట్టు తెరిచి, తరవాత కాలేజీకొచ్చే మనిషి. రెండు పార్టీల మధ్య బేరం కుదర్చడం చిన్నప్పటినుంచీ చూసినవాడు. ఒకరోజు ప్రొఫెసర్ గారి ముందే నాతో అన్నాడు.

"మేడమ్, మీరు అబద్ధం వేస్తున్నారని సార్ అనట్లేదు. మీ కన్ను మొగ్గుతోందంటున్నారు. సార్ కన్ను మొగ్గట్లేదని ఎవరికి తెలుసండి? ఇద్దరికీ పరీక్ష పెడదాం. నేను ఎలుకలు అందిస్తాను."

ప్రొఫెసర్ గారు వెంటనే సరేనన్నారు. ఆయనలో అదొక గొప్ప. పరీక్ష అంటే ఎవరికైనా ఒకటే.

శనివారం మధ్యాహ్నం, క్లాసులు లేని వేళ. నేను ఒక గదిలో, ఆయన ఇంకో గదిలో కూర్చున్నాం. పంజరాల నంబర్ల మీద మాత్రల సారు ప్లాస్టరు అంటించేశాడు. ఏది మందు తాగిందో, ఏది నీళ్ళు తాగిందో మాకు తెలియదు. వాటిలో దెబ్బే తగలనివి కూడా కొన్ని కలిపాడు. ప్రతి ఎలుకనూ మేమిద్దరం చూడాలి. ముందు ఎవరు చూడాలో నాణెం ఎగరేసి తేల్చేవాడు. ఒకరు చూశాక కాసేపు ఆగి రెండోవారి దగ్గరికి తెచ్చేవాడు. ఎక్కణ్ణుంచి తెస్తున్నాడో మాకు చెప్పేవాడు కాదు. కరెంటు పోయింది. పంజరం పెట్టేసి వెళ్తూ తలుపు కొంచెం తెరిచి ఉంచేవాడు, గాలి కోసం. సాయంత్రమయ్యేసరికి నా చీర వెన్నుకి అంటుకుపోయింది.

అయిపోయాక మాత్రల సారు వరండాలో బెంచీ మీద కూర్చుని మా ఇద్దరి కాగితాలూ చూశాడు. ఒకసారి చూసి, మళ్ళీ మొదటినుంచి చూశాడు. మేమిద్దరం చెరోవైపు నిలబడ్డాం.

"మేడమ్ ముందు చూసిన ఎలుకలకు మేడమ్ తక్కువ వేశారు, తరవాత సార్ ఎక్కువ వేశారు. ఇది మనకు తెలిసిందే," అన్నాడు. "సార్ ముందు చూసిన ఎలుకలకు మాత్రం మేడమ్ కూడా సార్ వేసినన్ని వేశారండి."

ప్రొఫెసర్ గారు మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాడు.

"అంటే?"

"మేడమ్ దయ చూపిస్తే అన్నిటి మీదా చూపించాలి కదండీ. మీ దగ్గర్నుంచి వచ్చినవాటి మీద చూపించలేదు. ఇద్దరూ ఉన్నది ఉన్నట్టే వేశారు సార్. మధ్యలో ఎలుకే మారిపోయింది."

ప్రొఫెసర్ గారు లోపలికెళ్ళి, ఆ రోజు పరీక్షలో లేని ఒక మందు ఎలుకల పంజరం మూత తీసి, తన చెయ్యి లోపల పెట్టారు. ఎలుకలన్నీ ఒక మూలకు పరుగెత్తి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, కదలకుండా ఉండిపోయాయి. అలా బిగుసుకుపోయిన ఎలుక పట్టీ మీద నడవదు, కొత్త చోట తిరగదు. దెబ్బ తగిలినా తగలకపోయినా మార్కులు పడతాయి. ఆయన చెయ్యి తీసేసి, కొంతసేపాగి నన్ను పెట్టమన్నారు. పెట్టాను. ముందు ఏమీ కాలేదు. తరవాత ఒకటి వచ్చి నా బొటనవేలు వాసన చూసింది. ఇంకోటి అరచేతిలోకి ఎక్కింది.

ఆయన తన వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నారు.

"ముక్కుపొడుం," అన్నారు మెల్లిగా.

మాత్రల సారు నవ్వు ఆపుకోవడానికి పొలాలకేసి చూస్తున్నాడు. వాసనొక్కటే కాదు, పట్టు కూడా కారణమే. ఆయన తోక పట్టుకుని ఒక్క ఊపున ఎత్తేవారు, ఆ తరం వాళ్ళందరికీ అదే అలవాటు. నేను భయం కొద్దీ రెండు చేతుల్లోకీ తీసుకునేదాన్ని.

"జీవితమంతా కప్పల మీద పనిచేశానమ్మా," అన్నారాయన. "ఒక్క కప్పా ఈ మాట చెప్పలేదు." సోమవారం స్టాఫ్ రూంలో అందరూ ఉన్నప్పుడు లేచి నిలబడి, నా గురించి తను అన్న మాట తప్పని చెబుతానన్నారు. చెప్పారు కూడా.

ఆ శనివారం బస్సులో సీటు దొరకలేదు. అయినా నాకు ఏమీ అనిపించలేదు. నా కన్ను మొగ్గలేదు, నాకు అదే చాలు. బెంజి సర్కిల్ దగ్గర బస్సు ఆగిపోయి కదలకుండా ఉన్నప్పుడు, ఊరికే ఆలోచిస్తూ, ఎలుకలు నా చేతికి ఎందుకు వస్తున్నాయి అనుకున్నాను. రోజూ నేను మందు తాగిస్తున్నాను కదా, అలవాటైపోయాను. కానీ నేను తాగించేది మందు ఎలుకలకే. నీళ్ళిచ్చే వేళకు నాకు క్లాసు ఉండటంతో నీళ్ళ ఎలుకల పని ల్యాబ్ అసిస్టెంటు చూసుకునేవాడు. మందు గుంపుకు నా చెయ్యి తెలుసు. నీళ్ళ గుంపుకు తెలియదు. నా బల్ల మీద అవి బాగా నడిచింది సరస్వతి ఆకు వల్లేనా?

ఆదివారం చర్చిలో నాకు వాక్యం ఏదీ చెవికెక్కలేదు. ఇది ఎవరూ అడగలేదు. పరీక్ష నేను నెగ్గాను, ప్రొఫెసర్ గారు సంతకం పెడతారు, సెక్రటరీ గారు స్వీట్లు పంచుతారు. అన్నయ్య డోలక్ వాయిస్తుంటే చూస్తూ కూర్చున్నాను. రేపు ఈ మందు అన్నయ్యకే ఇస్తారు కదా, అనుకున్నాక ఇక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

సోమవారం స్టాఫ్ రూంలో ఆయన నా తరఫున మాట్లాడి కూర్చున్నాక, వరండాలోకి పిలిచి చెప్పాను. ఆయన జేబులోంచి డబ్బీ తీసి, మూత తెరవబోయి, మళ్ళీ లోపల పెట్టేశారు.

"నువ్వు చెప్పకపోతే ఇది నాకు తట్టేది కాదమ్మా. ఇప్పుడేం చేద్దామంటావ్?"

ఏం చేద్దామని ఆయన నన్ను అడగడం అదే మొదలు.

అంతా మొదటినుంచి చేశాం. అన్ని ఎలుకలనూ ఒకే చేతులు తాకాలి, అన్నే సార్లు, అంతే సేపు. ఏది మందో ఏది నీళ్ళో సీసాల్లో పోసినవాడికి తప్ప ఎవరికీ తెలియకూడదు. ప్రొఫెసర్ గారు యానిమల్ హౌస్‌లోకి వచ్చేముందు పొడుం మానేసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేవారు. ఆ వయసులో అరచేతిలోకి ఎలుకను ఎత్తుకోవడం నేర్చుకున్నారు. మొదట్లో రెండుసార్లు కరిపించుకున్నారు కూడా. ఈసారి మా ఇద్దరి మార్కులూ దాదాపు కలిసిపోయాయి. మందు తాగినవాటికీ నీళ్ళు తాగినవాటికీ తేడా లేదు. మేం తీసిన రసం, మేం ఇచ్చిన మోతాదులో, ఆ దెబ్బకు ఏమీ చేయలేదు.

ఆ రోజు ఏడుపొస్తుందనుకున్నాను. ఆకలేసింది. మాత్రల సారు ఇంటినుంచి తెచ్చిన బిర్యానీ ముగ్గురం పంచుకుని తిన్నాం.

ఇంకొక సంగతి అప్పటికే నా మనసులో తిరుగుతోంది. చూసే చేతిని బట్టి ఎలుక మారిపోతే, చూసే చోటును బట్టి మనిషి మారడా? ప్రొఫెసర్ గారితో అన్నాను. ఆయన తరవాతి వారం తన పాత స్కూటర్ తోసుకుంటూ ఆటోనగర్ షెడ్డుకు వెళ్ళారట. తానెవరో అక్కడ చెప్పలేదట. కిక్ రాడ్ అరిగిపోయింది చూడవయ్యా అని మా అన్నయ్య ముందు పెట్టి, ఖాళీ డ్రమ్ము మీద కూర్చుని టీ తెప్పించుకున్నారు. యజమానిని అడిగి, ఆయన పక్కన నిలబడి ఉండగా, ఆ చిన్న పని అన్నయ్య చేతే లేత్ మీద చేయించారు. సాయంత్రం దాకా అక్కడే ఉన్నారు.

మర్నాడు నాతో చెప్పారు. చేతులు మామూలుగా ఉన్నాయి. కొలత తప్పలేదు. ఎవరైనా పైన నిలబడి తొందరపెడితే మాట తడబడుతోంది. వెనకనుంచి గ్రైండరు ఒక్కసారిగా మొదలైతే కోపమొస్తోంది, ముందే చెప్పి మొదలుపెడితే రావడం లేదు.

"ఇవన్నీ ఆసుపత్రి గదిలో కనపడవమ్మా," అన్నారు. "ఆ డాక్టరు నా స్టూడెంటే. ఒకసారి షెడ్డుకెళ్ళి చూడమని చెప్పాను."

డాక్టరు నిజంగానే వచ్చాడు. రెండుసార్లు చూశాడు. పొద్దుటి పూట, పక్కన ఒక మనిషి ఉంటే, లేత్ పని చేయొచ్చని రాసిచ్చాడు. గ్రైండరు వేసేముందు కేకేయడం ఆ షెడ్డులో అందరికీ అలవాటైంది. మా అన్నయ్య పూర్తిగా పాత మనిషి కాలేదు. ఇప్పటికీ కొన్ని పేర్లు అందవు. కానీ సాయంత్రం చేతులకు గ్రీజుతో ఇంటికొచ్చేవాడు, వదిన విసుక్కుంటూ కిరసనాయిలు గుడ్డ అందించేది. ఆ విసుగు వినడానికి నేను కావాలనే ఆ వేళకు వంటింట్లో ఉండేదాన్ని.

నా థీసిస్ పేరు మారింది. మందు ఒక అధ్యాయానికి తగ్గింది. దెబ్బ తిన్న ఎలుక ప్రవర్తనను కొలిచేటప్పుడు కొలిచేవాళ్ళ చెయ్యి ఏం చేస్తుందన్నది మిగతా అంతా. వైవా మా కాలేజీ సెమినార్ హాల్లోనే పెట్టారు. బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎగ్జామినరు గారు కళ్ళజోడు తీసి అడిగారు, ఇంతకీ మీ మందు పనిచేసిందా అని. పనిచేయలేదండీ అన్నాను. ఎలా తెలిసింది అన్నారు. చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో ప్రొఫెసర్ గారు కల్పించుకుని, పొడుం సంగతి తనే చెప్పారు. హాలంతా నవ్వింది. ఎగ్జామినరు గారు మాత్రం నవ్వకుండా, తన ల్యాబులో ఎవరెవరు సిగరెట్లు తాగుతారో ఒక్కొక్కరినీ గుర్తుచేసుకుంటున్నట్టు పైకప్పుకేసి చూశారు.

అయ్యాక వరండాలో టీ, మిక్చరు. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అంతమంది కొత్తవాళ్ళ మధ్య ఎలా ఉంటాడోనని నేను దూరం నుంచే కనిపెట్టి చూస్తున్నాను. సెక్రటరీ గారు అన్నయ్య దగ్గరికే వెళ్ళి నిలబడ్డారు. ఆయనకు పేపరు సంగతి ఇంకా మనసులో ఉంది.

"మీ చెల్లెలు ఇన్నేళ్ళు కష్టపడింది, పాపం. మందు పనిచేసుంటే ఎంత బాగుండేది."

నేను టీ గ్లాసు పక్కన పెట్టి అటువైపు నడవబోయాను. అన్నయ్య ఒక్క క్షణం ఆగాడు. మాట కోసం కాదు, ఎదుటి పెద్దమనిషిని ఎలా పిలవాలా అని.

"పనిచేయని మందు పనిచేస్తదని రాస్తే, రేపు నాలాంటోడికి అదే తాగించేవాళ్ళు గదండీ. నేను తాగి, తగ్గుద్దని కూర్చునేవాణ్ణి," అన్నాడు. తరవాత సెక్రటరీ గారి భుజం మీంచి బయటికి చూసి, "ఆ తెల్ల కారు తమరిదేనాండీ? వచ్చేటప్పుడు ముందు చక్రం దగ్గర చప్పుడొచ్చింది. బేరింగు చూపించుకోండి, ఆలస్యం చెయ్యొద్దు," అన్నాడు.

ఇద్దరూ కారు దగ్గరికి నడిచారు. అన్నయ్య వంగి చక్రం చూపిస్తూ ఏదో చెబుతున్నాడు, సెక్రటరీ గారు చేతులు వెనక్కి కట్టుకుని వింటున్నారు. ప్రొఫెసర్ గారు నా పక్కకొచ్చి నిలబడ్డారు. టీ చల్లారిపోతున్నా ఇద్దరం అక్కణ్ణుంచి కదల్లేదు.